హాలు బయట కూర్చున్న వార్డెనమ్మ

పోయిన నెలలో కుప్పం నుంచి మదనపల్లెకు బస్సులో వస్తున్నాను. బైరెడ్డిపల్లె దగ్గర ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ఎక్కి నా ముందు సీట్లో కూర్చున్నారు. కూర్చున్నది మొదలు ఒకటే గుసగుస. వాళ్లలో ఒకతె ఎవరికో మెసేజ్ పెట్టిందట. పెట్టలేదని ఒట్టు పెడుతోంది. రెండో అమ్మాయి ఉన్నట్టుండి ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది. మూడు వేళ్లు నాడి మీద ఆనించి, రెండో చేత్తో భుజం కింద ఏదో ఎత్తి పట్టుకున్నట్టు చేసి, అక్కడ లేని గడియారాన్ని చూస్తూ, పెదవులు బిగించి కనుబొమలు పైకెత్తింది.

"ఇప్పుడు సెప్పు మే. నీ నోటిని నేనడగలేదు, నాడిని అడుగుతాండా."

ఆ బిగించిన పెదవులు మా అత్తవి. ఆ కనుబొమలు మా అత్తవి. మా నాన్నకు అక్క, నన్నూ మా తమ్ముణ్ణీ పెంచి పెద్దచేసిన మనిషి. ఎవరో ముక్కూమొహం తెలియని పిల్ల మొహం మీదికి ఆమె వచ్చి కూర్చుంది.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా ఇది?" అనడిగాను.

"సినిమాలో వార్డెనమ్మక్కా. మా కాలేజీలో అందురూ ఇట్లనే సేస్తారు."

"ఆ వార్డెనమ్మ మా మేనత్తమ్మా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నమ్మితే కదా! ఆ పిల్ల వెనక్కి తిరిగి, సీటు కమ్మీ మీదుగా చెయ్యి చాపి, నా మణికట్టు పట్టుకుంది. కాసేపు చూసి, "నిజమే మే!" అని అరిచింది. బస్సులో సగం మంది మా వైపు తిరిగారు. నవ్వొచ్చింది, నవ్వుతో పాటు కళ్లనీళ్లూ వచ్చాయి.

"ఇప్పుడు యాడుండారక్కా ఆమె?"

"పోయిందమ్మా. పోయిన వానాకాలంలో, నిద్దర్లోనే పోయింది."

ఆ పిల్ల నా చెయ్యి గంగవరం దాకా వదల్లేదు. ఇంటికొచ్చి కూడా ఆ చెయ్యి పట్టు పోలేదు నాకు. అందుకే ఇది రాస్తున్నాను.

పేరు రాయను. సినిమా పేర్లలోనే తన పేరు వెయ్యనివ్వలేదు మహాతల్లి. "వార్డెన్‌గా, మా అత్త" అని మాత్రమే వేశాడు మా తమ్ముడు. మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి చుట్టుపక్కల ఏ వీధిలో అడిగినా "సిస్టరమ్మ" అంటే ఆమే. నర్సు ఉద్యోగం అయిపోయి ఎన్నాళ్లయినా గంజి పెట్టిన తెల్లచీర మానలేదు. చీరకు ఎడమవైపు తలకిందులుగా వేలాడే చిన్న గడియారం మానలేదు. చెయ్యి పట్టుకోవడం అసలే మానలేదు.

అబద్ధం చెప్తున్నారని అనుమానం వస్తే చాలు, నాడి చూసేది. టమాటా మార్కెట్టులో బుట్టల వెనక కూర్చున్నవాణ్ణి, "ఇవి పొద్దున కోసినవేనాప్పా?" అంటూ చెయ్యి పట్టుకుంటే, "వద్దు తల్లీ, మొన్నటివి. నువ్వు పక్కంగడికి పో" అని వాడే దండం పెట్టేవాడు. జాకెట్లు కుట్టే సాయిబు ఆమె గుమ్మంలో కనబడగానే రెండు చేతులూ మిషన్ కిందికి దాచుకునేవాడు. "సిస్టరమ్మా, సెయ్యి మాత్రం అడగొద్దు. రేపు కాదు, ఎల్లుండి ఇస్తా. అల్లా మీద ఆన, ఎల్లుండి!" అనేవాడు. మా తమ్ముడు తొమ్మిదో తరగతిలో సిగరెట్టు కాల్చిన రోజు, నేను ఇంటర్లో ఫిజిక్సు తప్పిన రోజు, మా ఇంట్లో ఎవరూ కేకలు వేయలేదు. మణికట్టు మీద మూడు వేళ్లు పడ్డాయి. అంతే, ఉన్నదున్నట్టు కక్కేశాం.

పెద్దయ్యాక ఒకసారి అడిగాను, నాడి చూస్తే నిజంగా అబద్ధం తెలిసిపోతుందా అని. పకపకా నవ్వింది.

"నాడిలో ఏముండాది మే పిచ్చిదానా. సెయ్యి పట్టుకోని రవంతసేపు గమ్మునుంటే సాలు. వాళ్లే సెప్పేస్తారు."

ఇక సినిమా సంగతి. మా తమ్ముడు తీశాడు. మాటలు నేను రాశాను. గొప్ప చెప్పుకుంటున్నానంటే చెప్పుకుంటున్నాను, ఎందుకు చెప్పుకోకూడదు? మదనపల్లెలో ఒక ఇంటర్ హాస్టలు. పరీక్షలకు చదవని నలుగురు పిల్లలు. పరీక్ష వాయిదా పడాలంటే హాస్టలంతటికీ అమ్మవారు పోసినట్టు చూపించాలని పథకం వేస్తారు. టమాటా తోలు చిన్న చిన్న ముక్కలుగా చించి ఒంటినిండా అంటించుకుంటారు. గదుల తలుపులకు వేపమండలు కడతారు. అక్కడి నుంచి ఒకదాని మీద ఒకటి అబద్ధం, కథంతా అదే. ప్రేమ లేదు, ఫైటు లేదు, విదేశంలో పాట లేదు. హీరోకు మూతి మీద సరిగ్గా మీసం కూడా లేదు. అందరూ "యాడికి పోతాండావురా", "యాల నగుతాండావు" అని మేము ఇంట్లో మాట్లాడే మాటే మాట్లాడతారు. హైదరాబాదులో ఒకాయన యూట్యూబులో కూర్చుని, భాష సగం అర్థం కాలేదన్నాడు. అర్థం కాకపోతే ఇంకోసారి చూడు నాయనా, టిక్కెట్టు కొనుక్కుని. మీ మాటలు అర్థం చేసుకుంటూ మేము పుట్టినప్పటి నుంచి సినిమాలు చూడలేదా?

ఆ హాస్టలు వార్డెను వేషానికి ఒక మనిషి కావాల్సి వచ్చింది. రోగం నిజమో నాటకమో నాడి పట్టి తేల్చే వార్డెను. ఆ పాత్ర ఎవరిని చూసి రాశానో వేరే చెప్పక్కర్లేదు. తిరుపతి నుంచి ఒక నటిని పిలిపించాం. పాపం మంచిదే, కానీ పిల్లల చెయ్యి పట్టుకోవడం కాలే గిన్నె పట్టుకున్నట్టు పట్టుకునేది. రెండో రోజు మా తమ్ముడు ఆమెకు నమస్కారం పెట్టి బస్సెక్కించి, నేరుగా ఇంటికొచ్చి అత్త కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

నాకు తెలుసు, ఒప్పుకోదని. ఎందుకంటే మా అత్త పుట్టి బుద్ధెరిగి సినిమా చూడలేదు. వయసులో ఉన్నప్పుడు బాప్తిస్మం తీసుకున్న రోజు, చర్చిలో అందరి ముందూ మా తాతకు మాటిచ్చింది, సినిమా చూడనని. ఆ కాలంలో మా సంఘంలో అది మామూలే. తరవాత అందరూ ఆ మాట మరిచిపోయారు. ఆదివారం ఆరాధన కాగానే మ్యాట్నీకి పోయేవాళ్లు ఎంతమందో. ఈమె మాత్రం టీవీలో పాట వస్తే లేచి వంటింట్లోకి పోయేది.

తమ్ముడు చెప్పిందంతా విని, కళ్లద్దాలు తుడుచుకుని, అంది. "సూడనని మాటిచ్చినా. కనపడనని యాడ ఇచ్చినా?"

అలా వచ్చింది మా అత్త సినిమాలోకి.

నిజం చెప్పాలంటే ఆమెకు నటన రాదు. కెమెరా వైపే చూసేది. మళ్లీ ఒకసారి చెయ్యమంటే, "ఒకసారి సెప్పినా గదప్పా, వినపడలేదా?" అని కసిరేది. నేను ముచ్చటపడి రాసిన డైలాగులు ఒక్కటీ పలకలేదు, పూచికపుల్లలా పక్కకు నెట్టేసింది. వేపమండలు తీసి, ఒక పిల్లవాడి చెంప మీది టమాటా తోలు గోటితో లాగి, నోట్లో వేసుకుని, "ఉప్పు తక్కువైందప్పా" అంది చూడండి, అది ఎవరూ రాయలేదు. కెమెరా పట్టుకున్న అబ్బాయి నవ్వాపుకోలేక కెమెరా కదిలించేశాడు. ఆ కదిలిన బొమ్మే సినిమాలో ఉంది. ఆ ముక్కకు హాళ్లు ఎలా ఊగిపోయాయో మీరు చూసి ఉంటే నా గర్వం మీకు అర్థమవుతుంది.

పోస్టర్లు పడగానే సంఘ పెద్ద ఒకాయన ఇంటికొచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని, రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారం ఆదివారం ఈమె బల్ల దగ్గరికి రాకుండా వెనక వరసలో కూర్చుంటే బాగుంటుందని పెద్దలు అనుకుంటున్నట్టు నెమ్మదిగా చెప్పాడు. అత్త ముఖం తెల్లబోయింది. ఆమెకు ప్రభువు బల్ల దగ్గరికి పోవడమంటే ప్రాణం. కానీ తేరుకుని, కాఫీ గ్లాసు అందిస్తూ ఆయన చెయ్యి పట్టుకుంది.

"నేను ఒక్క సినిమా సూసింది లేదు పెద్దాయనా. మీరు సెప్పండి, సెల్లులో రేత్రిపూట ఏం సూస్తాండారు?"

ఆయన కాఫీ తాగకుండానే లేచాడు. వెనక వరస మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

సినిమా మదనపల్లెలో విడుదలైన రోజు మా వీధి మొత్తం హాలుకు కదిలింది. అత్తా వచ్చింది. హాలు దాకానే. స్కూటర్ల స్టాండు పక్కన సిమెంటు బెంచీ ఉంటే దాని మీద కూర్చుని, సంచిలోంచి అల్లిక తీసింది.

"లోపలికి రావత్తా. కండ్లు మూసుకోని కూసో," అన్నాను.

"అంత బలం నాకు లేదు మే. లోపలికొస్తే సూసేస్తా. నువ్వు పో."

పాతకాలం హాలు. పక్క తలుపులు సరిగ్గా మూసుకోవు. ఆట అయ్యేదాకా ఆమె అక్కడే కూర్చుని అల్లుకుంటూ విన్నది. బయటికి వచ్చాక మేమంతా ఆమె చుట్టూ మూగి ఎగురుతుంటే, మా తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టింది. ఒక్క బొమ్మ చూడని మనిషి!

"మొదుట్లో బాగా నగినారు. కడుపు పట్టుకోని నగినారు, అది మంచి నగువు. ఇంటర్వెల్లయినాక రవంతసేపు ఏమీ లేదు. ఆ మార్కెట్లో ఉరుకుతారు సూడు, అది జాస్తి అయిందప్పా. ఆ నాయిన ఉన్నట్టుండి మంచోడైపోతాడు గదా, ఆడ అందురూ దగ్గినారు. దగ్గినారంటే మనసు యాడికో పోయిండాదని."

మా తమ్ముడు తలొంచుకుని వింటున్నాడు. నేను నవ్వుతున్నాను. హీరో నాన్న ఉన్నట్టుండి మారిపోవడం గురించి నేనెన్నిసార్లు మొత్తుకున్నానో!

"ఇంకోటి. ప్రేయరు కాడ ఏం పెట్టినావు?"

ఆ సీను ఇది. హాస్టలు పిల్లలు చదివే కాలేజీలో ఒక అమ్మాయికి నత్తి. పొద్దున ప్రేయర్లో ప్రతిజ్ఞ చదివే వంతు ఆమెకు వస్తుంది. వెనక వరస మగపిల్లలు, ఏ మాట దగ్గర ఆగిపోతుందో చూద్దామని పందెం వేసుకుంటారు. షూటింగులో అప్పటికప్పుడు తమ్ముడికి తట్టిన సీను.

"హాలంతా పడిపడి నగేది ఆడనే గదత్తా," అన్నాడు.

"నగినారు. అది వేరే నగువు. ముందర ఒగడు నగుతాడు, మిగిలినోళ్లు వాణ్ణి సూసి నగుతారు. ఆడపిల్లోళ్ల గొంతు ఒగటీ లేదు దాంట్లో. తీసెయ్."

తీయలేదు. సినిమాను ఊరూరా తిప్పుతున్న ఆయన, ఆ సీను తీసేస్తే నాకొద్దన్నాడు. ఫోన్లలో అందరూ పంపుకుంటున్న ముక్క అదేనట. మొదటి సినిమా, నోటి దగ్గరి కూడు, తమ్ముడికి భయం వేసింది. పుంగనూరులో ఆడించినప్పుడు కూడా అత్త బయటే కూర్చుంది. అక్కడా అదే నవ్వు విన్నది. అక్కడా అదే మాట చెప్పింది. ఆ సాయంత్రం ఇద్దరికీ పెద్ద గొడవైంది. "సూడకుండా తీర్పు సెప్తే ఎట్లత్తా? నువ్వు లోపలికొచ్చి సూసి సెప్పు, అప్పుడు తీసేస్తా" అని మా తమ్ముడు గొంతు పెంచాడు. ఆమె మీద వాడు గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. ఆమె అల్లిక సంచిలో పెట్టుకుంది.

కుప్పంలో మ్యాట్నీ. తమిళం, కన్నడం, తెలుగు మూడూ కలిపి మాట్లాడే ఊరు కదా, మా మాట అందరికన్నా వాళ్లకే బాగా ఎక్కింది. హాలు నిండింది. నేను మంచినీళ్లకని బయటికొచ్చేసరికి అత్త పక్కన యూనిఫాంలో ఒక అమ్మాయి కూర్చుని ఉంది. లోపల ప్రేయరు సీను నడుస్తోంది. నవ్వు గోడ దాటి వస్తోంది. ఆ అమ్మాయి ఏదో చెప్పబోతోంది, మొదటి అక్షరం దగ్గరే మాట ఆగిపోతోంది. మళ్లీ మొదలుపెడుతుంది, మళ్లీ ఆగుతుంది. అత్త ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చుంది. తొందరపెట్టలేదు. మాట అందించలేదు. గడియారం వైపు చూడలేదు. అత్త గడియారం చూడకుండా ఎవరి చెయ్యి అయినా పట్టుకోవడం అదే మొదటిసారి చూశాను.

చాలాసేపటికి ఆ అమ్మాయి మాట పూర్తయింది. "ఫ్రెండ్సు పిల్సుకోనొచ్చినారు అవ్వా. వాళ్లూ నగుతాండారు."

నేను అక్కడ నిలబడలేకపోయాను. లోపలికి పోయి తమ్ముణ్ణి పిలుచుకొచ్చాను. వాడు వచ్చేసరికి ఆ అమ్మాయి వెళ్లిపోయింది. అత్త వాణ్ణి తిట్టలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. వాడి మణికట్టు పట్టుకుంది.

"ఇప్పుడు సెప్పు. ఆ సీను సూస్తే నీకు నగువొస్తాందా?"

వాడు నేల చూపులు చూశాడు.

"సూసి సెప్పమంటివి గదా," అంది. "సరే. దాన్ని తీసెయ్. తీసేస్తే నేను లోపలికొచ్చి నీ సినిమా సూస్తా."

ఆమె దేన్ని ఇస్తానంటోందో మా ఇద్దరికీ తెలుసు. మా తాత పోయినా, సంఘమంతా మరిచిపోయినా, ఆమె ఒక్కతే నిలబెట్టుకుంటూ వచ్చిన మాట అది. సంస్కారం ఆదివారం తలెత్తుకుని బల్ల దగ్గరికి నడిచే ధైర్యం ఆమెకు ఆ మాటలోంచే వచ్చేది. దాన్ని తీసుకొచ్చి ఒక ఊరూపేరూ తెలియని పిల్ల కోసం బెంచీ మీద పెట్టింది.

మా తమ్ముడు తీసేశాడు. సినిమా తిప్పేవాడు ఫోన్లో నోటికొచ్చినట్టు తిట్టాడు, రెండు ఊళ్లలో ఆడించనన్నాడు, ఆడించలేదు కూడా. అయినా తీసేశాడు. ఇవాళ మీరు ఫోన్లో చూసే సినిమాలో ఆ పందెం, ఆ వెనక వరస నవ్వులు ఉండవు. ప్రతిజ్ఞ చదివే అమ్మాయి ఉంటుంది, నిదానంగా చదువుతుంది, అందరూ నిలబడి వింటారు. మార్కెట్టులో పరుగు మాత్రం ఇప్పటికీ ఎక్కువే. ఆ నాన్న ఇప్పటికీ ఉన్నట్టుండి మంచివాడైపోతాడు. అన్నీ సరిచేస్తే అది మా తమ్ముడి సినిమా ఎందుకవుతుంది!

సీను తీసేసిన సినిమా కుప్పంలో అదే హాల్లో పడ్డ రోజు మేము ముగ్గురమూ పోయాం. తమ్ముడు బయటే అత్త చెయ్యి పట్టుకుని, "అత్తా, నువ్వు లోపలికి రావాల్సిన పనిలేదు. ఆ సీను నీ కోసం తీసేయలేదు, ఆ బిడ్డ కోసం తీసేసినా. తాతకిచ్చిన మాట నువ్వు పెట్టుకో" అన్నాడు. నా తమ్ముణ్ణి చూసి నేనంత మురిసిపోయిన రోజు ఇంకొకటి లేదు. వాణ్ణి అలా పెంచింది ఎవరో పక్కనే నిలబడి ఉంది కదా, ఆమెను చూసి ఇంకా మురిసిపోయాను.

అత్త చీర కుచ్చిళ్లు సర్దుకుంది. "నీకూ మాటిచ్చినా గదప్పా" అంటూ తనే ముందు నడిచింది.

గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, లోపలికి అడుగుపెట్టింది. ఆఖరి వరసలో నా పక్కన కూర్చుంది. దీపాలు ఆరిపోగానే కళ్లు గట్టిగా మూసుకుంది.

"ఏందత్తా ఇది?" అన్నాను చెవిలో.

"గమ్మునుండు మే. మీ తమ్మునికి లోపలికొస్తానంటి, వొచ్చినా. మా నాయినకు సూడనంటి, సూడలే."

"లోపలికొచ్చి సూస్తానంటివే వానికి."

"సూస్తాలే. యెప్పుడో సెప్పినానా?"

ఇద్దరు మగవాళ్లకు ఇచ్చిన రెండు మాటల మధ్య అలా బిగుసుకుని కూర్చుంది. ప్రతిజ్ఞ సీను వచ్చింది. హాల్లో ఎవరూ నవ్వలేదు. అత్త కళ్లు మూసుకునే తలాడించింది. తరవాత వేపమండల సీను వచ్చింది. తెర మీద గంజి చీర, తలకిందుల గడియారం, బిగించిన పెదవులు. మా ఊళ్లల్లో పెద్ద హీరోలకు వేసినట్టు ఈలలు వేశారు కుప్పం పిల్లలు. వరసలు వరసలుగా పక్కనున్నవాళ్ల చేతులు పట్టుకుని, లేని గడియారాలు చూస్తూ, ఆమెతో పాటే పెదవులు బిగించారు. మా పేదింటి మనిషి, కాలమంతా ఎవరెవరి నాడో చూస్తూ వార్డుల్లో తిరిగిన మనిషి, ఆమె కోసం ఒక హాలు హాలంతా చేతులు పట్టుకుని కూర్చుంది.

నేను అత్త చెయ్యి నా ఒళ్లోకి తీసుకున్నాను. ఆమె నాకు చిన్నప్పుడు నేర్పినట్టే మూడు వేళ్లూ మణికట్టు మీద ఆనించాను. చీకట్లో ఆమె మొహం కనబడటం లేదు.

"అత్తా, కండ్లు తెరిచినావా?"

"లేదే," అంది.

నా వేళ్ల కింద నాడి గుర్రంలా పరిగెత్తుతోంది. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.